ఓటు లేని పౌరులు: రోమా పట్టణం ఎదిగిన దారి



అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయాల్లో మనం పౌలుతో పాటు ఓడ ఎక్కుతాం, తుపానులో చిక్కుకుంటాం, మెలితే ద్వీపంలో ఒడ్డుకు చేరతాం, చివరికి రోమా పట్టణంలో అడుగుపెడతాం. దారి పొడవునా పౌలునే చూస్తాం గాని, ఆయన వెళ్తున్న ఆ ఊరు ఎలా పుట్టింది, లోకాన్ని ఏలేంతగా ఎలా ఎదిగింది అని ఆగి అడగం. ఈ వారం అదే అడుగుదాం. చదువుకున్న పిల్లలకు కొంత తెలిసే ఉంటుంది. పెద్దలకు ఇది కొత్తగా ఉండవచ్చు. ఇద్దరూ ఓపికగా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఈ చరిత్ర చివరికి మన సంఘం గుమ్మం దగ్గరికే వస్తుంది.

రోమా అంటే మనకు సంబంధం లేని ఊరు అనుకోకండి. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఉంది. పిక్నిక్‌కు వెళ్లినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. 1976లో నేవీ వారి సర్వేలో ఆ కొండ మీది బౌద్ధ ఆరామం బయటపడింది. 1988 నుంచి 1993 వరకు అక్కడ తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమా వెండి నాణేలు కూడా అక్కడ దొరికాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలోనైతే ఒకేచోట 1500కు పైగా రోమా వెండి నాణేలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఔగుస్తు, తిబెరి అనే ఇద్దరు చక్రవర్తులవి. ఈ రెండు పేర్లూ మనకు లూకా సువార్త 2, 3 అధ్యాయాల్లో తెలిసినవే. పన్ను గురించి అడిగినప్పుడు ప్రభువు ఒక దేనారము తెప్పించి, దాని మీద ఉన్న బొమ్మ ఎవరిదని అడిగాడు (మత్తయి 22:19-21). అది తిబెరి ఏలుతున్న కాలం. ఆ కాలపు నాణేలే మన తెలుగు నేలలో పాతిపెట్టి ఉన్నాయి.

ఇంతదూరం నాణెం పంపగలిగిన ఆ ఊరు మొదట్లో ఎలా ఉండేది?

1. ఏటి ఒడ్డున కొన్ని గుడిసెలు

మన ప్రాంతం ఆకారం ఒకసారి తలచుకోండి. పడమర తూర్పు కనుమలు, తూర్పున సముద్రం, మధ్యలో మెట్ట, పల్లం. కొండల్లో పుట్టిన గెడ్డలు కిందికి దిగుతాయి. కోనాం దగ్గర మనం చూసే బొడ్డేరు శారదలో కలుస్తుంది, శారద సముద్రానికి పోతుంది. ఇటలీలో రోమా ఉన్న వైపు దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. అక్కడ సముద్రం పడమర, కొండలు తూర్పు. అపెన్నైన్ అనే ఆ కొండల వరుస ఇటలీకి వెన్నెముకలా ఉత్తరం నుంచి దక్షిణం దాకా పోతుంది. ఆ వెన్ను తూర్పు సముద్రానికి దగ్గరగా జరిగి ఉండడం వల్ల, మధ్య ఇటలీలో విశాలమైన మైదానాలు పడమటి వైపు మిగిలాయి. పాత అగ్నిపర్వతాల బూడిద కలిసిన సారవంతమైన నేల కూడా ఆ వైపే ఉంది.

ఆ కొండల్లో పుట్టి పడమటి సముద్రంలో కలిసే నది టైబర్. పొడవు సుమారు 400 కిలోమీటర్లు. అది సముద్రంలో కలిసే చోటికి సుమారు 25 కిలోమీటర్లు ఎగువన, నది మధ్యలో ఒక లంక ఉంది. అక్కడ ఏరు దాటడం తేలిక. ఒడ్డున కొన్ని గుట్టలు. వాటి మధ్య పల్లంలో నీరు నిలిచే చిత్తడి. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయేవాడు అక్కడే ఏరు దాటాలి. సముద్రపు ఒడ్డు మడుల్లో తయారైన ఉప్పు కొండల్లోని గొర్రెల కాపరులకు చేరాలన్నా అటే పోవాలి. ఆ దారికి తర్వాత ఉప్పుదారి అనే పేరే నిలిచిపోయింది. ఏజెన్సీ నుంచి ఉప్పుకు, ఎండుచేపలకు సంతకు దిగివచ్చే మనుషుల్ని చూసినవాళ్లకు ఉప్పు దొరికే దారి విలువ వేరే చెప్పనక్కరలేదు.

రోమా పుట్టిన సంవత్సరం క్రీ.పూ. 753 అని ఆ ఊరివాళ్లు చెప్పుకొనేవారు. అది కథతో కలిసిన లెక్క. అయితే పాలటైన్ అనే గుట్ట మీద ఇంచుమించు ఆ కాలంలోనే గుంజలు పాతి కట్టిన గుడిసెలు ఉండేవని తవ్వకాల్లో తేలింది. రాతిని తొలిచి వేసిన గుంజల గుంతలు నేటికీ కనిపిస్తాయి. అంటే లోకాన్ని ఏలిన రోమా మొదట మన కొండవాలు పల్లెల్లాంటిదే. తర్వాత పెద్ద కాలువ తవ్వి చిత్తడి నీటిని నదిలోకి మళ్లించారు. ఆరిన ఆ పల్లమే ఊరికి సంత, రచ్చబండ, న్యాయస్థానం అయింది.

మంచి చోటు ఉంటే చాలు, ఊరు రాజ్యం అయిపోతుందా? కాదు. అలాంటి ఏటి ఒడ్డు ఊళ్లు ఇటలీలో ఇంకా ఉన్నాయి. రోమాకు ఉత్తరాన ఎట్రుస్కనులు అంతకంటే ధనవంతులు. దక్షిణాన సముద్రపు ఒడ్డున గ్రీకులు అంతకంటే చదువరులు. కొండల్లో సమ్నీయులు అంతకంటే మొండివాళ్లు. వీళ్లందరినీ దాటి రోమా ఎలా ముందుకు వచ్చింది?

2. మొదటి గెలుపు, మొదటి దెబ్బ

మొదట రాజులు ఏలారు. క్రీ.పూ. 509లో చివరి రాజును వెళ్లగొట్టి, ఏడాదికి ఇద్దరు అధికారులను ఎన్నుకునే పద్ధతి పెట్టుకున్నారని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. తర్వాత వందేళ్లకు పైగా రోమా చేసిన యుద్ధాలన్నీ ఇరుగుపొరుగుతోనే. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి శత్రువు ఊరు చేరేంత దగ్గర.

అలా దగ్గరలో ఉన్న పెద్ద ఊరు వెయీ. సుమారు 16 కిలోమీటర్ల దూరం. క్రీ.పూ. 396లో రోమీయులు దాన్ని పట్టుకున్నారు. అక్కడి జనాన్ని బానిసలుగా అమ్మారు. నేలను రోమా పేదలకు పంచారు. తలకు ఏడు యూగెరాలు, మన లెక్కలో నాలుగెకరాలకు పైచిలుకు. గెలిస్తే భూమి వస్తుందని పేదవాడికి తెలిసిపోయింది. భూమి ఉన్నవాడు సొంత ఖర్చుతో ఆయుధం కొనుక్కుని సైన్యంలోకి వస్తాడు. అలా రోమా చేతికి సైనికులు పెరిగారు.

కొన్నేళ్లకే, క్రీ.పూ. 390 ప్రాంతంలో, ఉత్తరం నుంచి గాలులు అనే జాతి వచ్చి రోమానే దోచుకుంది. రోమీయులు ఆ అవమానం తరతరాలు మరచిపోలేదు. ఊరి చుట్టూ 11 కిలోమీటర్ల గోడ కట్టుకున్నారు. ఆ గోడకు వాడిన రాయిలో చాలా భాగం ఓడిపోయిన వెయీ నేలలోంచి తవ్వి తెచ్చిందే.

3. క్రీ.పూ. 338: ఓడినవారిని ఏం చేయాలి?

మా దృష్టిలో రోమా చరిత్రలో అసలు మలుపు ఏ చక్రవర్తి కాలంలోనో రాలేదు, ఈ సంవత్సరంలో వచ్చింది. రోమాకు చుట్టాలవంటి లాటిను ఊళ్లు క్రీ.పూ. 340లో తిరగబడ్డాయి. 338 నాటికి ఓడిపోయాయి. వెయీ లాగా అందరినీ అమ్మేయవచ్చు. లేదా కప్పం వేసి వదిలేయవచ్చు. రోమా పెద్దలు ఈ రెండూ చేయలేదు. ఒక్కో ఊరికి ఒక్కో లెక్క కట్టారు.

కొన్ని ఊళ్లకు పూర్తి పౌరసత్వం ఇచ్చారు. అంటే నిన్నటి శత్రువు నేడు రోమీయుడే. అరీషియా, లానూవియం అలాంటివి. కొన్ని ఊళ్లకు పౌరసత్వం ఇచ్చారు గాని ఓటు ఇవ్వలేదు. రోమా సైన్యంలో సేవ చేయాలి, పన్ను కట్టాలి, కాని అధికారిని ఎన్నుకోవడానికి చేయి ఎత్తే వీలు లేదు. దక్షిణాన ఉన్న కపువా అనే పెద్ద పట్టణం ఈ వరుసలో ఉంది. మరికొన్ని ఊళ్లు పేరుకు స్వతంత్రం, రోమాకు మిత్రులు. కప్పం లేదు, అడిగినప్పుడు సైనికులను పంపితే చాలు. ఇంకో షరతు కూడా ఉంది. చాలా లాటిను ఊళ్లు ఒకదానితో ఒకటి పెళ్లి సంబంధాలు, వ్యాపారం, ఉమ్మడి సభలు పెట్టుకోకూడదు. ఎవరికి వారు రోమాతోనే సంబంధం పెట్టుకోవాలి.

దీన్ని రెండు కళ్లతో చూడాలి. ఒక కంటితో చూస్తే, ఇది ఆ కాలంలో ఎవరూ చేయని పని. గ్రీకు పట్టణాలు తమ పౌరసత్వాన్ని ఇనప్పెట్టెలో దాచుకున్నట్టు దాచుకునేవి. అక్కడ పుట్టి పెరిగిన పరదేశికి కూడా అది అందడం కష్టం. రోమా శత్రువును లోపలికి రానిచ్చింది. మాసిదోనియ రాజు ఐదవ ఫిలిప్పు క్రీ.పూ. 214 ప్రాంతంలో లారిస్సా పట్టణస్థులకు రాసిన ఉత్తరం రాతి మీద చెక్కి దొరికింది. రోమీయులను చూసి నేర్చుకోండి, వాళ్లు విడుదల చేసిన దాసులను కూడా పౌరులుగా చేర్చుకుని బలపడ్డారు అన్నది అందులోని సారాంశం. శత్రువే ఆ మాట ఒప్పుకున్నాడు.

రెండో కంటితో చూస్తే, ఇందులో దయ తక్కువ, లెక్క ఎక్కువ. తలుపు తెరిచారు గాని లోపల మెట్లు కట్టారు. ఎవరు ఏ మెట్టు మీద కూర్చోవాలో రోమాయే చెప్పింది. కింది మెట్టువాళ్లు ఒకరితో ఒకరు కలవకుండా చూసింది. పూర్తి పౌరులకు కూడా ఓటు సమానం కాదు, ధనవంతుల ఓటుకే బరువు. పైగా ఓటు వేయాలంటే రోమాకే నడిచి రావాలి. స్త్రీలకు అసలు ఓటే లేదు.

4. రాళ్లు పరచిన దారి

తర్వాతి డెబ్బై ఏళ్లలో రోమా ఇటలీని దాదాపు పూర్తిగా పట్టుకుంది. కొండల్లోని సమ్నీయులతో మూడు యుద్ధాలు, క్రీ.పూ. 343 నుంచి 290 దాకా. క్రీ.పూ. 321లో ఒక ఇరుకు లోయలో చిక్కుకుని రోమా సైన్యం తలవంచి బయటపడవలసి వచ్చింది. అయినా మళ్లీ సైన్యం కూడింది. సముద్రం దాటి వచ్చిన పిర్రస్ రాజు క్రీ.పూ. 280లోను, 279లోను గెలిచాడు. కాని అతనికి పోయిన సైనికులు పోయినట్టే, రోమాకు మాత్రం పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు వచ్చేవారు. ఎక్కడి నుంచి? ఆ మెట్ల మీద కూర్చున్న ఊళ్ల నుంచి. క్రీ.పూ. 225లో రోమా, దాని మిత్రులు కలిసి ఆయుధం పట్టగల మగవాళ్లు 7 లక్షలకు పైగా కాలిబంటులు, 70 వేల గుర్రపు రౌతులు అని పొలిబియస్ అనే చరిత్రకారుడు లెక్క రాశాడు. అంత మనుషుల బలం ఆ చుట్టుపక్కల మరే పట్టణానికీ లేదు.

గెలిచిన చోటల్లా రోమా రెండు పనులు చేసింది. మొదటిది, కీలకమైన చోట తన మనుషులను తెచ్చి కొత్త ఊరు కట్టింది. మన బైబిల్లో రోమీయుల ప్రవాసస్థానము అన్నది ఇలాంటి ఊరినే (అపొ. 16:12). రెండోది, దారి వేసింది. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అనే అధికారి రోమా నుంచి కపువాకు సుమారు 195 కిలోమీటర్ల దారి మొదలుపెట్టాడు. అదే అప్పీయా మార్గం. చిత్తడి నేలల మీదుగా కూడా దాన్ని వీలైనంత తిన్నగా తీసుకెళ్లారు. అది సైన్యం కోసం వేసిన దారి. కపువాలో గొడవ అయితే కొన్ని రోజుల్లో సైన్యం అక్కడ ఉండాలి.

ఆ దారి మీద, ఇంచుమించు 370 ఏళ్ల తర్వాత, సంకెళ్లతో ఒక ఖైదీ నడిచాడు. పొతియొలీలో ఓడ దిగిన పౌలు ఆ మార్గంలోనే రోమాకు వచ్చాడు. ఆయన వస్తున్నాడని విని రోమాలోని సహోదరులు అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రముల దాకా ఎదురు వెళ్లారు (అపొ. 28:15). అప్పీయా సంతపేట రోమాకు సుమారు 65 కిలోమీటర్లు, త్రిసత్రములు సుమారు 50. వాళ్లను చూసి పౌలు ధైర్యం తెచ్చుకున్నాడని లూకా రాశాడు.

5. మెట్లు కూలిన రోజులు

మెట్ల పద్ధతి ఎంత గట్టిదో, ఎంత బలహీనమైనదో రెండుసార్లు తేలింది.

మొదటిది క్రీ.పూ. 216. కార్తేజు సేనాధిపతి హన్నిబాల్ ఇటలీలోకి దిగి, కన్నే అనే చోట ఒక్క రోజులో వేలాది రోమా సైనికులను చంపాడు. అతని ఆలోచన సూటిగా ఉంది: రోమా మిత్రులను విడదీస్తే రోమా పడిపోతుంది. అందుకే పట్టుబడిన రోమీయులకు వెల కట్టి, మిత్ర ఊళ్ల సైనికులను మాత్రం ఊరికే వదిలేశాడు. ఎవరు అటు వెళ్లారు? దక్షిణాన చాలా ఊళ్లు వెళ్లాయి. వాటిలో పెద్దది కపువా, ఓటు లేని పౌరుల పట్టణం. దానికి వేరే కారణాలూ ఉన్నాయి గాని, ఓటు లేకపోవడాన్ని పక్కన పెట్టలేం. రోమాకు దగ్గరగా, పూర్తి పౌరులైన ఊళ్లు మాత్రం కదలలేదు. ముప్పై లాటిను ప్రవాసస్థానాల్లో పన్నెండు క్రీ.పూ. 209లో ఇక మా దగ్గర మనుషుల్లేరని చేతులెత్తేశాయి. పద్దెనిమిది నిలబడ్డాయి. ఆ పద్దెనిమిదే రోమాను నిలబెట్టాయి.

రెండోది క్రీ.పూ. 91. అప్పటికి రోమా సముద్రాలు దాటింది. సిసిలీ, స్పెయిను, గ్రీసు దాని చేతికి వచ్చాయి. ఆ గెలుపుల వెనుక ఎంత కన్నీరు ఉందో మరువకూడదు. క్రీ.పూ. 167లో ఎపిరస్ ప్రాంతంలో లక్షా యాభై వేలమందిని బానిసలుగా పట్టుకున్నారు. 146లో కార్తేజును, కొరింథును నేలమట్టం చేశారు. ఈ యుద్ధాలన్నిటిలో ఇటలీ మిత్రుల కొడుకులు రోమా కొడుకులతో సమానంగా చచ్చారు. భూమి పంచేటప్పుడు, అధికారం పంచేటప్పుడు మాత్రం వాళ్లు గుమ్మం బయటే. మమ్మల్నీ పౌరులుగా చేర్చండని అడిగి అడిగి, చివరికి తిరగబడ్డారు. సొంత రాజధాని పెట్టుకుని, దానికి ఇటాలికా అని పేరు పెట్టారు. రోమాకు గుర్తు తోడేలు కాబట్టి, ఎద్దు తోడేలును కుమ్ముతున్న బొమ్మతో సొంత నాణెం కొట్టించారు. రోమా యుద్ధంతో వాళ్లను అణచింది గాని, ఆ మధ్యలోనే, క్రీ.పూ. 90లో, అడిగిన పౌరసత్వం ఇవ్వక తప్పలేదు. అడిగినప్పుడు ఇచ్చి ఉంటే అంత రక్తం పోయేది కాదు.

6. ఆ నాణెం, ఆ హక్కు, మనం

క్రీ.పూ. 30లో ఐగుప్తు రోమా చేతికి వచ్చాక ఎర్రసముద్రపు రేవులు తెరుచుకున్నాయి. రుతుపవనాల గాలి పట్టుకుని ఓడలు మన దేశానికి వచ్చాయి. ఎర్రసముద్ర వర్తకుల కోసం ఒక గ్రీకు నావికుడు రాసిన పుస్తకంలో మసాలియా అని మన కృష్ణా తీరం పేరు ఉంది, అక్కడి సన్నని నూలు బట్ట మాట ఉంది. ఏటా 5 కోట్ల సెస్టెర్సులు భారతదేశానికే పోతున్నాయని ప్లీనీ అనే రోమా పండితుడు వాపోయాడు. తొట్లకొండ నాణేల వెనుక ఉన్నది ఇదంతా. మన నేతగాళ్ల పనికి వచ్చిన వెల అది.

అదే కాలంలో ఫిలిప్పీలో పౌలును, సీలను విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించారు. మేము రోమీయులమని మర్నాడు చెప్పేసరికి అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు (అపొ. 16:37-39). యెరూషలేములో సహస్రాధిపతి తాను ఆ హక్కును పెద్ద సొమ్ము పోసి కొనుక్కున్నానని చెప్పాడు. పౌలుకు అది పుట్టుకతో వచ్చింది (అపొ. 22:28). ఆ హక్కు లేనివాడి మాటేమిటి? వాడు దెబ్బలు తిని ఊరుకోవలసిందే. ఇదే ఫిలిప్పీ సంఘానికి రాస్తూ పౌలు మన పౌరస్థితి పరలోకంలో ఉన్నదని చెప్పాడు (ఫిలిప్పీ. 3:20). రోమా సైనికులకు నేల పంచి నిలబెట్టిన ఊరు అది. పౌరుడు ఎవరో, కానివాడు ఎవరో రోజూ చూసేవారికి ఆ మాట ఎంత బలంగా తగిలి ఉంటుందో ఆలోచించండి. సొమ్ముతో కొనలేనిది, పుట్టుకతో రానిది, మెట్లు లేనిది. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు వందనాలు చెప్పిన పేర్లలో దాసులకు, విడుదల పొందిన దాసులకు పెట్టే పేర్లు ఉన్నాయని పండితులు చెబుతారు. అప్పీయా సంతపేట దాకా నడిచి వెళ్లినవాళ్లలో ఓటు లేనివాళ్లు ఎంతమందో!

ఇక మన సంగతి. 1950లో మన రాజ్యాంగం ఒక్క గీత గీసి, ఆడా మగా, ఉన్నవాడు లేనివాడు, మైదానం వాడు కొండవాడు అని చూడకుండా వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే ఓటు ఇచ్చింది. రోమాకు వందల ఏళ్లు పట్టినా చేతకానిది అది. దేశం ఇచ్చిన ఆ సమానత్వం కంటే దేవుని మందిరంలో దొరికేది తక్కువ కాకూడదు గదా! కాబట్టి ప్రతి సంఘంలోనూ అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పండుగకు చాపలు పరిచేది ఎవరు, పరిచాక ముందు వరుసలో కూర్చునేది ఎవరు? కొండ మీది పల్లెల నుంచి తెల్లవారకముందే నడిచి వచ్చే కుటుంబాలను కానుక అడుగుతాం సరే, మందిరం పని గురించి మాట్లాడుకునేటప్పుడు వాళ్లను పిలుస్తామా? కోడళ్లు, విధవరాండ్రు పాటలు పాడతారు, వంటలు వండుతారు, ఉపవాస ప్రార్థన నడిపిస్తారు. కమిటీ కూర్చున్నప్పుడు వాళ్ల మాట ఎవరైనా అడుగుతారా? హైదరాబాదులో పనికి వెళ్లి నెలనెలా డబ్బు పంపే కుర్రాళ్లు సెలవుకు వచ్చినప్పుడు వాళ్లకు చెప్పుకునే చోటు ఉందా?

సేవ మాత్రం అడిగి మాట అడగకపోతే వాళ్లు మన సంఘంలో ఓటు లేని పౌరులే. రోమా కపువాను అలాగే పెట్టుకుంది. గడ్డు రోజు వచ్చినప్పుడు కపువా ఏం చేసిందో చూశాం.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మరమ్మతు గురించి మాట్లాడుకుంటాం. కమిటీ వాళ్లు మాత్రమే కాదు, అందరూ ఉండండి. కొండ పల్లెలవాళ్లు పొద్దుపోకముందే ఇల్లు చేరాలి కాబట్టి, ముందు వాళ్ల మాటతోనే మొదలుపెడదాం. ఇంటి దగ్గర అపొస్తలుల కార్యములు 28:11-16 ఒకసారి చదువుకుని రండి.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను, మీ పొలాలను దీవించును గాక. ఆమేన్.